నీళ్ల పొర

పైనుంచి చూస్తే ఒంగోలుకు ముఖం లేదు.
అన్నీ మాడులే.
డాబాల మాడులు, రేకుల మాడులు,
నల్ల సింటెక్సు బిళ్ల పెట్టుకున్న మాడులు,
గాలికి ఎగరకుండా పాత టైర్లు మోస్తున్న
నీలం పట్టా మాడులు.

కర్నూలు రోడ్డులో మందుల షాపు మీద రెండో అంతస్తు.
ఏసీ కంప్యూటర్లకు, మాకు కాదు.
రోజుకు నాలుగు వందల ఇళ్ల చుట్టూ
మౌసు పట్టుకుని గీత గీస్తాను.
ఒక్కో చుక్క అయిదు సెంటీమీటర్లట.
తెర మీద కాదు, నేల మీద.
నా మూడు వేళ్లు ఆనిస్తే సరిగ్గా అంత.
మూడేసి వేళ్లుగా ఊరంతా
తడుముకుంటూ పోవడమే కూలి.

మొదట గోడలన్నీ వాలి ఉంటాయట,
విమానానికి జడిసి పక్కకు ఒరిగినట్టు.
వాటిని నిటారుగా నిలబెట్టేది హైదరాబాదులో.
మా దగ్గరికి బుద్ధిగా నిలబడ్డ ఊరే వస్తుంది.

గద్దలగుంట వంతు నాకే పడింది.
పేరులోనే ఉంది గదా, ఎట్లా చూడాలో.

మా సందు రాగానే చేయి ఆగలేదు, దగ్గరికి లాగాను.
మా రేకుల మీద నేనే ఎండేసిన చింతపండు చాప.
కాకుల్ని తోలడానికి కట్టిన నల్లగుడ్డ.
అంటే మంగళవారం.
మంగళవారమంటే టాంకరు.
మసీదు మలుపు నుంచి కరెంటు స్తంభం దాకా
డ్రమ్ములు.
అరవై ఒకటి. రెండుసార్లు లెక్కపెట్టాను.

పొద్దున ఎనిమిది ఎండ, నీడలు పడమటికి సాగాయి.
మనిషి గుప్పెడు చుక్కలు,
నీడ మాత్రం నిలువెత్తు.
వరస చివర నడుం మీద చేయి పెట్టుకుని
అప్పు వసూలుకొచ్చినట్టు నిలబడ్డ నీడ
మస్తాన్‌బీది కాక ఇంకెవరిది?

మాకిచ్చిన పొరలు అయిదు.
భవనం, రోడ్డు, చెట్టు, నీరు, ఇతరములు.
మా నాయనకు కంట్లో పొర తీస్తే చూపొచ్చింది.
ఇక్కడ పొర వేస్తేనే ఏదైనా కనపడేది.

డ్రమ్ముల్ని నీళ్ల పొరలో పెట్టాను.
అరవై ఒక్క గుండ్రాలు, చిన్నవి, నీలం రంగువి.
ఊరి పటంలో మొదటిసారి
మా సందులో నీళ్లు.

దయానందం సారు కళ్లద్దాలు పైకి జరిపాడు.
"ఇవేందమ్మా, బావులా?"
డ్రమ్ములు సార్.
"ఖాళీవా, నిండువా?"
పైనుంచి మూతలే కనపడతాయి సార్.
"కదిలేవి పటంలోకి రావమ్మా. తీసెయ్."

పన్నెండేళ్ల నుంచీ ఆ వరస కదిలింది లేదు సార్,
నోటిదాకా వచ్చింది.
మంగమూరు డొంకలో ఆయన డ్రమ్ము కూడా
ఏదో స్తంభానికి గొలుసేసి ఉంటుందని
గుర్తొచ్చి ఊరుకున్నాను.

పోతురాజు కాలువకు ఏ అభ్యంతరమూ రాలేదు.
నల్లగా, నిండుగా
అది నీరు కిందే ఉంది.
అది కదలదు గదా.

ఒక్కోటీ పట్టుకుని తీసేశాను.
పదో, ఇరవయ్యో అయ్యాక
లెక్క తప్పింది.
గీతలు పోయాయి.
గీతల కింద ఫోటోలో డ్రమ్ములు అట్లానే ఉన్నాయి,
ఎర్ర మూతవి, మూత లేనివి,
పక్కన ఇటుకరాయి గుర్తు పెట్టుకున్నవి.
ఫోటో తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం వరసలో మస్తాన్‌బీ అడిగింది.
"ఆ రోజు పైన తిరిగిందే, దాంట్లో నేను పడ్డానా?"
పడ్డావు.
"తలకు నూనె పెట్టుంటి. మెరిసిందా?"

గుప్పెడు చుక్కలు. తెలుపో, బూడిదో.
నూనె ఏ పొరలోకి వస్తుందో
నాకెవరూ నేర్పలేదు.

మెరిసింది అన్నాను.

కొంగు సర్దుకుంది. అంతలో
ముందు డ్రమ్ము ఒక అడుగు జరిగింది.
మేమూ జరిపాం.